గంట ఆగినా ఆగని కీచు: సౌండ్ కోడ్‌లో పేర్ల గొడవలు, వాటిని పట్టుకునే పద్ధతి

కావలి నుంచి వచ్చిన ప్రశ్న సారాంశం ఇది. నలుగురు విద్యార్థులు ఒక నాటకానికి నేపథ్య శబ్దాలు కోడ్‌తో తయారు చేస్తున్నారు: గుడిగంట, తుమ్మలపెంట తీరంలో వినిపించేలాంటి అలల హోరు, మధ్యలో చిన్న తంబురా వరస. తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో వేరియబుల్ పేర్లుగా పెట్టుకున్నారు. సీసౌండ్ అనే శబ్దాల ప్రోగ్రామింగ్ భాషలో గంట నోట్ అయిపోయాక కూడా సన్నటి కీచు ఆగడంలేదు, అదీ అన్నిసార్లూ కాదు. అలల హోరు బొంగురుగా, గరగరగా వస్తోంది. అలాంటిదే ఇంకో భాష సూపర్‌కొలైడర్‌లో నోట్ విలువ 60 ఇస్తే చెవులు చిల్లులు పడేంత పై స్థాయి మోగుతోంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌కి నైక్విస్ట్ భాషలో రాసిన ప్లగిన్‌లో ఒక వేరియబుల్‌కి విలువే ఇవ్వలేదు, అయినా ఎర్రర్ రాలేదు, శబ్దం మాత్రం పగిలిపోయింది. ఎక్కడా ఎర్రర్ లేదు కాబట్టి కంప్యూటర్ సౌండ్ కార్డు మీద అనుమానపడుతున్నారు.

సౌండ్ కార్డుని వదిలేయండి. ఈ నాలుగింటికీ కారణం పేర్లే. మీరు పెట్టిన పేరు ఆ భాషలో ముందే ఒక అర్థం ఉన్న పేరు, లేదా ఆ భాష పేరులోని అక్షరాల్ని బట్టే అర్థం తీసుకునే రకం. ఎర్రర్ ఇచ్చే గొడవ పెద్ద ఇబ్బంది కాదు, అయిదు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఎర్రర్ ఇవ్వకుండా శబ్దాన్ని మార్చేసేదే రోజులు తినేస్తుంది. అందుకని ఒక్కో భాషలో గొడవ ఎక్కడ బయటికి కనిపిస్తుందో, ఎక్కడ కనపడకుండా జరుగుతుందో చెబుతాను. కింద వేరియబుల్ పేర్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, అవసరమైన చోట ఇంగ్లిష్ అక్షరాలు విడివిడిగా చెబుతాను.

ముందు సీసౌండ్. 1986లో ఎం.ఐ.టి.లో బారీ వెర్కో మొదలుపెట్టిన ఈ భాషలో పేరులోని మొదటి అక్షరమే వేరియబుల్ రకాన్ని తేలుస్తుంది. ఎ తో మొదలైతే ఆడియో రేటు, అంటే ప్రతి శాంపిల్‌కీ (శబ్దంలో ఒక్కో కొలతకీ) విలువ మారుతుంది. కె తో మొదలైతే కంట్రోల్ రేటు, అంటే కొన్ని శాంపిళ్ల గుంపుకి, బ్లాకుకి, ఒక్క విలువ. ఐ తో మొదలైతే నోట్ మొదలైనప్పుడు ఒక్కసారే లెక్కకట్టే విలువ. పెద్ద ఎస్ తో మొదలైతే అక్షరాల వరస, అంటే స్ట్రింగ్. వీటి ముందు జి చేరిస్తే అది గ్లోబల్, అన్ని ఇన్‌స్ట్రుమెంట్లకీ (కోడ్‌లో ఒక్కో శబ్దాన్ని తయారుచేసే భాగాలకి) ఉమ్మడి.

ఇప్పుడు మీ గంట చూడండి. జి, ఎ, ఎన్, టి, ఎ. మీరు గంట అని రాశారు, సీసౌండ్ దాన్ని జి-ఎ అనే ముందుభాగం, ఎన్-టి-ఎ అనే పేరు అని చదివింది. అంటే మీకు తెలియకుండానే అది గ్లోబల్ ఆడియో వేరియబుల్ అయింది. రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) ఇచ్చే రెండో ఇన్‌స్ట్రుమెంట్‌లో అదే పేరు రాస్తే ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది కూడా. అది లోకల్ అయ్యుంటే అక్కడే ఎర్రర్ వచ్చి విషయం బయటపడేది. పనిచేసింది కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు.

కీచు ఎందుకు వస్తుందంటే, గంట ఇన్‌స్ట్రుమెంట్ నోట్ ముగియగానే ఆ వేరియబుల్‌లోకి కొత్త శాంపిళ్లు రాయడం ఆగిపోతుంది. కానీ గ్లోబల్ కాబట్టి చివరగా రాసిన బ్లాకు అందులోనే ఉండిపోతుంది. రివర్బ్ ఇన్‌స్ట్రుమెంట్ ఇంకా నడుస్తోంది కదా, ప్రతి కంట్రోల్ చక్రంలో అదే బ్లాకుని మళ్లీ మళ్లీ చదువుతుంది. మీ శాంపిల్ రేటు 44,100, కెస్మ్‌ప్స్ (ఒక బ్లాకులో ఎన్ని శాంపిళ్లో చెప్పే అంకె) 64 అన్నారు. 44,100ని 64తో భాగిస్తే సుమారు 689. కాబట్టి 689 హెర్ట్జ్ దగ్గర, దాని పై గుణిజాల దగ్గర కీచు వినిపించాలి. నిర్ధారించుకోవాలంటే కెస్మ్‌ప్స్‌ని 32 చేసి మళ్లీ నడపండి. కీచు ఒక ఆక్టేవ్ పైకి, 1,378 హెర్ట్జ్‌కి పోతే ఇక సందేహం అక్కర్లేదు. అన్నిసార్లూ రాకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. గంట పూర్తిగా అణిగిపోయాక నోట్ ముగిస్తే చివరి బ్లాకు దాదాపు సున్నా, అది ఎన్నిసార్లు తిరిగినా వినపడదు. మోగుతుండగా మధ్యలో కోసేస్తేనే కీచు.

పరిష్కారం రెండు రకాలు. గంట శబ్దం ఆ ఇన్‌స్ట్రుమెంట్‌లోనే అయిపోతే పేరుకి ముందు ఎ చేర్చి లోకల్ చేసుకోండి. రివర్బ్‌కి పంపాలంటే గ్లోబల్ కావాల్సిందే, కానీ తెలిసి పెట్టుకోండి: జి-ఎ తర్వాత పూర్తి పేరు రాయండి. గంట ఇన్‌స్ట్రుమెంట్‌లో నేరుగా సమానం అని రాయకుండా వింకర్ ఆప్‌కోడ్‌తో (సీసౌండ్‌లో ముందే ఉన్న ఆదేశాల్ని ఆప్‌కోడ్లు అంటారు) కలపండి. నేరుగా సమానం రాస్తే రెండు గంటలు ఒకేసారి మోగినప్పుడు ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది, రివర్బ్‌కి ఒక్కటే చేరుతుంది. రివర్బ్ ఇన్‌స్ట్రుమెంట్ చివర్లో క్లియర్ ఆప్‌కోడ్‌తో ఆ వేరియబుల్‌ని సున్నా చేయండి. రివర్బ్‌కి గంట కంటే పెద్ద నంబరు ఇవ్వండి, 99 లాంటిది, ఎందుకంటే సీసౌండ్ ప్రతి చక్రంలో ఇన్‌స్ట్రుమెంట్లని చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకి నడుపుతుంది.

అలల హోరుకి మీరు పెట్టిన పేరు కెరటం. అది కె తో మొదలైంది, కంట్రోల్ రేటు అయిపోయింది. యాదృచ్ఛిక విలువలిచ్చే ర్యాండ్ ఆప్‌కోడ్ రెండు రేట్లలోనూ పనిచేస్తుంది, ఎడమవైపున్న పేరుని బట్టి ఏ రేటో నిర్ణయించుకుంటుంది. కె కనపడింది కాబట్టి 64 శాంపిళ్లకి ఒక్క యాదృచ్ఛిక విలువ ఇచ్చింది. తర్వాతి వరసలో దాన్ని 0.5తో గుణించి ఆడియో వేరియబుల్‌కి ఇచ్చారు, సీసౌండ్ మారు మాట్లాడకుండా మార్చుకుంది. సెకనుకి 44,100 కొత్త విలువలు ఉండాల్సిన చోట 689 మాత్రమే ఉన్నాయి. నురుగు విరిగే చప్పుడంతా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది, అదే పోయింది. కెరటం ముందు ఎ చేర్చండి చాలు (మధ్యలో హైఫన్ వద్దు), ఇంకేదీ ముట్టుకోవద్దు.

తెలుగు మాటలు వాడితే గొడవలు ఉండవనుకోవడం చాలా భాషల్లో నిజమే, సీసౌండ్‌లో మాత్రం కాదు. గాలిని జి, ఎ, ఎల్, ఐ అని రాస్తే గ్లోబల్ ఆడియో. గిరి అంటే గ్లోబల్ ఇనిషియల్ విలువ. కాలం కంట్రోల్ రేటు. ఇల్లు ఒక్కసారి లెక్క. శ్రుతి చిన్న ఎస్ తో, మోత ఎమ్ తో మొదలవుతాయి కాబట్టి ఎర్రర్ ఇస్తాయి, అది మీ అదృష్టం అనుకోండి. అందుకే ఏ మాటైనా సరే, ముందు రకం అక్షరం ఒకటి పెట్టి, ఆ తర్వాత పూర్తి మాట రాసే అలవాటు చేసుకోండి.

ఆప్‌కోడ్ పేర్లతో నేరుగా తలపడేవి కూడా ఇక్కడ ఎక్కువ. సీసౌండ్‌లో వెయ్యికి పైగా ఆప్‌కోడ్లు ఉన్నాయి, వాటిలో ఎ, కె, ఐ లతో మొదలయ్యేవి చూడ్డానికి అచ్చం వేరియబుల్స్‌లాగే ఉంటాయి. ఎడిఎస్‌ఆర్, యాక్టివ్, ఎటోన్, ఇన్, ఇంట్, కెఆర్ అన్నీ ముందే వాడుకలో ఉన్నవే. గెయిన్ మరీ చిక్కు: అక్షరాలు చూస్తే జి-ఎ ముందుభాగంతో సరైన గ్లోబల్ ఆడియో పేరులా కనపడుతుంది, కానీ గెయిన్ అనే ఆప్‌కోడ్ కూడా ఉంది. ఇలాంటివి సాధారణంగా సింటాక్స్ ఎర్రర్‌గా బయటపడతాయి, ఆ వరసలో మీకు తప్పేమీ కనపడదు. అప్పుడు టెర్మినల్‌లో సీసౌండ్ కమాండ్‌కి మైనస్ జెడ్ ఇచ్చి ఆప్‌కోడ్ల జాబితా తీసి, మీ పేరు అందులో ఉందేమో వెతకండి.

ఇంకొకటి ఉంది, దీనికీ ఎర్రర్ రాదు. పి పక్కన అంకె వేస్తే అది స్కోర్ (ఏ నోట్ ఎప్పుడు మోగాలో చెప్పే జాబితా) నుంచి వచ్చే పి-ఫీల్డ్. పి1 ఇన్‌స్ట్రుమెంట్ నంబరు, పి2 మొదలయ్యే సమయం, పి3 నోట్ నిడివి. గంటలోని పార్షియల్స్‌కి (గంట శబ్దంలో కలిసి ఉండే విడి స్వరాలకి) పి1, పి2, పి3 అని పేర్లు పెట్టి పి3కి 660 హెర్ట్జ్ ఇచ్చారనుకోండి, సీసౌండ్ దాన్ని నిడివిగా తీసుకుంటుంది. నోట్ 660 సెకన్లు, అంటే 11 నిమిషాలు సాగుతుంది. ఇన్‌స్ట్రుమెంట్ లోపలి నుంచి పి3ని మార్చడం ఈ భాషలో అనుమతించిన పనే కాబట్టి హెచ్చరిక ఆశించవద్దు.

సూపర్‌కొలైడర్‌కి వద్దాం. ఇక్కడ క్లాస్ పేర్లు పెద్ద అక్షరంతో, వేరియబుల్స్ చిన్న అక్షరంతో మొదలవుతాయి, అందువల్ల ఆ రెండింటికీ గొడవ రాదు. గొడవంతా నోట్ల వరసని నడిపే పీబైండ్‌లోని కీలతో. నోట్, డిగ్రీ, మిడినోట్, ఫ్రీక్ నాలుగూ వేరువేరు లెక్కలు. మీరు నోట్ అనే కీకి 60 ఇచ్చి మధ్య స్థాయి సి వస్తుందనుకున్నారు. కానీ నోట్ అనేది ఆక్టేవ్ మొదలు నుంచి లెక్కించే స్వరస్థానం. డిఫాల్ట్ ఆక్టేవ్ 5, అక్కడ నోట్ 0 అంటేనే మిడి (స్వరాలకి అంకెలిచ్చే పద్ధతి) 60, అంటే మధ్య స్థాయి సి. మీరు ఇచ్చిన 60 దానికి కలిసి మిడి 120 అయింది. అది 8,372 హెర్ట్జ్. మిడినోట్ అనే కీ వాడండి, లేదా నోట్‌కి 0 ఇవ్వండి.

దీనికంటే సూక్ష్మమైనది సస్టెయిన్. వాయిద్యాన్ని నిర్వచించే సింథ్‌డెఫ్‌లో ఎన్వలప్ (శబ్దం ఎలా పెరిగి తగ్గాలో చెప్పేది) స్థాయికి సస్టెయిన్ అని ఆర్గ్యుమెంట్ పెట్టడం అందరూ చేసేదే. పీబైండ్‌లో మాత్రం సస్టెయిన్ అంటే నోట్ ఎంతసేపు పట్టి ఉంచాలన్న కాలం: డర్, లెగాటో, స్ట్రెచ్ మూడింటి గుణకారం. లెగాటో డిఫాల్ట్ 0.8. మీరు సస్టెయిన్ అనే కీ రాయకపోయినా ఈవెంట్ (పీబైండ్ ఒక్కో నోట్‌కి తయారుచేసే కీల మూట) దాన్ని లెక్కకట్టి ఆ పేరున్న ఆర్గ్యుమెంట్‌కి పంపేస్తుంది. డర్ 1 అయితే 0.8 వెళ్తుంది, డర్ 0.25 అయితే 0.2 వెళ్తుంది. వేగంగా వచ్చే స్వరాలు 12 డెసిబెల్స్ తగ్గి వినిపిస్తాయి. వినేవాళ్లకి ఇది వాయిద్యం స్వభావంలా అనిపిస్తుంది, తప్పులా అనిపించదు. మీ తంబురా వరసలో ఈ తేడా ఉందేమో తప్పక చూడండి. ఆర్గ్యుమెంట్ పేరు నిలకడ అని మార్చితే పోతుంది. లాగ్ కూడా ఇంతే: విలువల్ని నునుపు చేయడానికని మీరు పెట్టుకుంటారు, ఈవెంట్ దాన్ని చదివి నోట్‌నే అన్ని సెకన్లు ఆలస్యంగా పంపుతుంది.

ఒంటి అక్షరాల సంగతి. ఎ నుంచి జెడ్ దాకా 26 అక్షరాలు ఇంటర్‌ప్రెటర్ వేరియబుల్స్, ప్రకటించకుండానే వాడొచ్చు. వాటిలో ఎస్ డిఫాల్ట్ సర్వర్‌ని (శబ్దాన్ని మోగించే భాగాన్ని) పట్టుకుని ఉంటుంది. శ్రుతి కోసమని ఎస్‌కి 440 ఇస్తే ఆ తర్వాత ఎస్ డాట్ బూట్ అన్న ప్రతిచోటా, అంకెకి ఆ మెసేజ్ అర్థంకాలేదన్న ఎర్రర్ వస్తుంది. ఎస్‌కి మళ్లీ సర్వర్ డాట్ డిఫాల్ట్ ఇస్తే కోలుకుంటుంది, ప్రోగ్రామ్ మూసి తెరవక్కర్లేదు. ఫంక్షన్ లోపల వార్ ఎస్ అని రాసినా ఆ ఫంక్షన్ వరకు సర్వర్ కనపడకుండా పోతుంది, అప్పుడు ఎర్రర్‌లో నిల్ (విలువ లేదు) అని వస్తుంది. నిల్ కనపడితే ఆ ఫంక్షన్ పైభాగంలో వార్ వరస వెతకండి.

ఈవెంట్‌ని డబ్బాలా వాడి అందులో సైజ్ అనే కీకి 5 పెట్టి, చుక్క పెట్టి సైజ్ అని అడిగితే 1 వస్తుంది. అది మీ 5 కాదు, అందులో ఎన్ని కీలు ఉన్నాయన్న లెక్క. భాషలో ముందే ఉన్న ఆదేశానికే, అంటే మెథడ్‌కే, ఎప్పుడూ పైచేయి. అలాంటి చోట చదరపు బ్రాకెట్లలో కీ పేరు ఇచ్చి తీసుకోండి.

ఆడాసిటీ ప్లగిన్‌లో మీరు చూసింది నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. ఆడాసిటీలోని నైక్విస్ట్ భాషలో స్వరాల పేర్లు ముందే నింపి ఉన్న వేరియబుల్స్. సి4 అంటే 60, ఎ4 అంటే 69. మీరు మూడు పార్షియల్స్ గట్టిదనానికి ఎ1, ఎ2, ఎ3 అని పేర్లు పెట్టుకున్నారు, మూడోదానికి విలువ ఇవ్వడం మరిచారు. వేరే పేరైతే విలువలేని వేరియబుల్ అని ఎర్రర్ వచ్చేది. ఎ3కి ముందే 57 ఉంది కాబట్టి అది గట్టిదనంగా పోయింది. ఆడాసిటీలో నిండు స్థాయి 1. దానికి 57 రెట్లంటే సుమారు 35 డెసిబెల్స్ పైన. పగలక ఏమవుతుంది! ఎ నుంచి జి దాకా ఏ అక్షరం పక్కనైనా అంకె వేసిన పేరు నైక్విస్ట్‌లో వాడకండి.

నిడివుల పేర్లు కూడా ఇలాగే నింపి ఉంటాయి: డబ్ల్యు 4, హెచ్ 2, క్యూ 1, ఐ 0.5, ఎస్ 0.25. ఈ ఎస్ వల్ల ఇంకో తిప్పలుంది. పాత ప్లగిన్లలో ఎంచుకున్న ఆడియో ఎస్‌లోనే ఉండేది. నాలుగో వెర్షన్ నుంచి అది నక్షత్రపు గుర్తుల మధ్య ట్రాక్ అని రాసే పేరుకి మారింది. పాత కోడ్ తీసుకుని పైన వెర్షన్ 4 అని మార్చితే ఎస్‌లో ఆడియో ఉండదు, 0.25 ఉంటుంది. ఎస్‌ని 0.5తో గుణిస్తే శబ్దానికి బదులు 0.125 అనే అంకె చూపించే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. లెన్ అనే పేరు జోలికీ పోవద్దు, ఎంచుకున్న భాగంలో ఎన్ని శాంపిళ్లున్నాయో అందులో ఉంటుంది. ఈ భాషకి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు, కాబట్టి పెద్దక్షరాలతో రాసి తప్పించుకోలేరు.

మీలో ఒకరు రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాని సొంత భాషతో జెఎస్ ఎఫెక్టులు రాస్తున్నారని అన్నారు. అక్కడ వేరియబుల్ ప్రకటించక్కర్లేదు, అన్నీ సున్నాతో మొదలవుతాయి, పెద్ద చిన్న అక్షరాల తేడా లేదు. మూడూ కలిసి తప్పుని బాగా దాచేస్తాయి. టెంపో, ఎస్‌రేట్, ప్లే స్టేట్, బీట్ పొజిషన్ అనేవి రీపర్ నింపే పేర్లు, టెంపోకి మీరు 90 ఇచ్చినా ప్రాజెక్టు వేగమే తిరిగి వచ్చి కూర్చుంటుంది. రెగ్00 నుంచి రెగ్99 దాకా అన్ని ఎఫెక్టులకీ ఉమ్మడి, ఒక ట్రాక్‌లో మార్చితే ఇంకో ట్రాక్‌లో మారుతుంది.

బొమ్మల పెట్టెల్ని తీగలతో కలిపి ప్రోగ్రామ్ (ప్యాచ్) చేసే ప్యూర్ డేటాలో పేరంటే ఫైల్ పేరు కూడా. ప్రతిధ్వని ప్యాచ్ రాసి డిలే అని సేవ్ చేస్తే, ఇంకో ప్యాచ్‌లో ఆ పేరు రాసినప్పుడు మీది తెరుచుకోదు, ఆ పేరుతో లోపలే ఒక ఆబ్జెక్ట్ ఉంది, దానిదే పైచేయి. అది బ్యాంగ్‌ని (ఒక్క క్షణపు సంకేతాన్ని) ఆలస్యం చేసేది, కాబట్టి సిగ్నల్ తీగ కలపబోతే ఒప్పుకోదు. సెండ్, రిసీవ్ పేర్లు తెరిచి ఉన్న ప్యాచ్‌లన్నిటికీ ఉమ్మడి కనుక, ఆ ప్యాచ్ వరకే ఉండాల్సిన పేరు ముందు డాలర్ సున్నా, హైఫన్ పెట్టండి. చక్ అనే మరో శబ్ద భాషలో డర్, టైమ్, నౌ, సెకండ్, డే అన్నీ భాష సొంతం, అక్కడ చాలావరకు కంపైల్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి భయం లేదు.

ఫాస్ట్ అనే ఆడియో భాష దీనికి మంచి దారి చూపింది. నెల్లూరు జిల్లాలో ఒకే వీధిలో ఇద్దరు పెంచలయ్యలుంటే ఇంటిపేరు కలిపి పిలుస్తాం కదా, ఫాస్ట్ లైబ్రరీలు అలా ఉంటాయి: ఆసిలేటర్లకి ఓఎస్, ఫిల్టర్లకి ఎఫ్ఐ, డిలేలకి డిఇ, నాయిస్‌కి ఎన్ఓ, తర్వాత చుక్క, తర్వాత ఫంక్షన్ పేరు. ఒక్కటే జాగ్రత్త, ఆ రెండక్షరాల్నే మీ వేరియబుల్‌కి పెడితే లైబ్రరీ పోతుంది. పైస్థాయిలో పెడితే రెండుసార్లు నిర్వచించారన్న ఎర్రర్, విత్ అనే లోపలి నిర్వచనాల భాగంలో పెడితే అక్కడివరకు డిఇ అంటే మీ స్లైడరే. సమ్, మెమ్ కూడా అక్కడ భాషవే.

మీరు నలుగురూ కోడ్ పంచుకుంటున్నారు కాబట్టి ఈ పద్ధతి వాడండి. ఒక్కొక్కరూ రెండక్షరాల గుర్తు తీసుకుని ప్రతి సొంత పేరులో చేర్చండి. సీసౌండ్‌లో అది రకం అక్షరం తర్వాత రావాలి, మిగతా భాషల్లో మొదటే రావచ్చు. ఒంటి అక్షరం పేర్లు, అక్షరం పక్కన అంకె ఉన్న పేర్లు మానేయండి.

అనుమానం వచ్చినప్పుడు చేయాల్సిన పరీక్ష ఒక్కటే. శబ్దాన్ని ఫైల్‌గా రెండర్ చేయండి. అనుమానమున్న పేరుని, లెక్క ఏమీ మార్చకుండా, ఎవరూ పెట్టని పేరుగా మార్చి మళ్లీ రెండర్ చేయండి. సీసౌండ్‌లో మార్చేటప్పుడు పేరు దేనికి వాడుతున్నారో ఆ రకం అక్షరమే ముందు పెట్టండి. పేరు మారినందుకే శబ్దం మారితే, లేదా ఇంతకుముందు లేని ఎర్రర్ వస్తే, దోషి ఆ పేరే. యాదృచ్ఛిక నాయిస్ ఉన్న శబ్దానికి ముందు సీడ్ (యాదృచ్ఛిక విలువల్ని మొదలుపెట్టే అంకె) స్థిరంగా ఉంచండి, లేకపోతే ప్రతి రెండరూ వేరుగానే ఉంటుంది. పేరు మార్చేటప్పుడు ఎడిటర్‌లో పూర్తి మాటనే వెతికే గుర్తు పెట్టుకోండి, లేదంటే ఎ1ని మార్చబోయి ఎ10, ఎ12 కూడా పాడవుతాయి.

మీ ఫైళ్లలో ముందుగా గంట, కెరటం మార్చి నడపండి. ఆ రెండూ తేలాక పీబైండ్‌లో మిడినోట్, సింథ్‌డెఫ్‌లో నిలకడ. ప్లగిన్ చివర్లో చూసుకోవచ్చు, కానీ ఎ3కి విలువ ఇచ్చేదాకా దాన్ని హెడ్‌ఫోన్‌లో మాత్రం వినకండి.